మళ్ళీ మొదటి నుంచి: ఒక విద్యార్థిని పదేళ్ళ పియానో పాఠాలు

హనుమకొండలో మా ఇంటి ముందు గదిలో ఇరవై రెండేళ్ళుగా పియానో నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో బాగా వాయించే ముగ్గురి పేర్లు చెప్పమంటే ఈ అమ్మాయి పేరు అందులో రాదు. అయినా ఈమె గురించే రాస్తున్నాను. ఈమె విషయంలో నేను ఏమేం చేశానో, ఎక్కడ తప్పు చేశానో నా క్లాసు పుస్తకాల్లో తేదీలతో సహా ఉంది. మిగతా పిల్లల గురించి రాయాలంటే సగం గుర్తు మీద, సగం గర్వం మీద రాయాలి.

పేరు మార్చాను, ఇక్కడ చిన్ని అంటాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను. ఆమె, ఆమె అమ్మానాన్నలు చదివి సరేనన్నారు. "మేడం, నేను పేజీలు చింపిన సంగతి కూడ రాస్తరా?" అని అడిగింది. రాస్తున్నాను.

సమస్య చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. వాయిస్తుండగా ఒక్క నోట్ (స్వరం) తప్పు పడితే చాలు, చిన్ని చేతులు తీసి ఒళ్ళో పెట్టుకునేది, ఆ తర్వాత మళ్ళీ మొదటి బార్ నుంచి మొదలుపెట్టేది. బార్ అంటే తాళంలో ఒక ఆవర్తనం లాంటిదనుకోండి. పియానో నేర్పేవాళ్ళకు ఇది కొత్త కాదు. ప్రతి రెండో పిల్లకూ ఎంతో కొంత ఉంటుంది. చిన్నిలో అది ఎంత లోతుకు దిగిందో, అందులో నా వాటా ఎంతో తెలియడానికి మాత్రం నాకు నాలుగేళ్ళు పట్టింది.

మొదటి మూడేళ్ళు: అంతా బాగుందనుకున్న రోజులు

2015 జూన్‌లో వచ్చింది. ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. నాన్న కాజీపేటలో లోకో పైలట్, అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మేనమామ కొనిచ్చిన 61 కీస్ కీబోర్డు మీద కుడిచేత్తో సినిమా పాటలు వాయించేది, అదీ విని పట్టుకుని. చెవి మంచిదని మొదటి రోజే తెలిసింది.

మా ఇంట్లో ఉన్నది పాత అప్‌రైట్ పియానో. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో నాకు నేర్పిన టీచరమ్మ ఊరు వదిలి వెళ్తూ నాకు అమ్మిపోయింది. ఎండాకాలంలో చెక్క ఎండి శ్రుతి దిగుతుంది, వానాకాలంలో ఉబ్బి కొన్ని కీస్ ఇరుక్కుంటాయి, ట్యూనర్ హైదరాబాద్ నుంచి రావాలి. ఇన్ని ఇబ్బందులున్నా దాని మీద నేర్పడానికి కారణం బరువు. కీబోర్డులో కీ కింద స్ప్రింగు ఉంటుంది, ఊదితే దిగుతుంది. పియానోలో కీ నొక్కితే లోపల సుత్తి లేచి తీగను కొట్టాలి. సుమారు యాభై గ్రాముల బరువు పడితే గానీ కీ కిందికి దిగదు. ఎంత నెమ్మదిగా దిగితే అంత మెత్తని ధ్వని. చిన్ని ఉంగరపు వేలితో నొక్కితే మొదటి వారం శబ్దమే రాలేదు. ఆ వేలు లోపల పక్కవేళ్ళతో ముడిపడి ఉంటుంది, ఒంటరిగా లేవదు. ఎవరికైనా అంతే. చిన్ని మాత్రం అది తన తప్పనుకుంది. ఆ సంగతి నా పుస్తకంలో ఉంది: "నాలుగో వేలు పలకలేదని ఏడ్చింది." దాని పక్కన నేను రాసుకున్నది, "పట్టుదల ఉన్న పిల్ల."

2016లో గ్రేడ్ 1 పరీక్ష ఇప్పించాను. పాశ్చాత్య సంగీతంలో పరీక్షలు పెట్టే లండన్‌లోని ఏబీఆర్‌ఎస్‌ఎం బోర్డుది. మొత్తం 150 మార్కులు: మూడు పీస్‌లకు (పీస్ అంటే ఒక రచన) ముప్ఫై చొప్పున, స్కేల్స్‌కు (స్వరాల వరుసలు) 21, చూసి వాయించడానికి 21, వినికిడి పరీక్షకు 18. వంద వస్తే పాస్, 130 వస్తే డిస్టింక్షన్. చిన్నికి 131 వచ్చాయి. వాళ్ళమ్మ పాలకోవా తెచ్చింది, నేను గోడకు ఫోటో పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే, గ్రేడ్ 1 పీస్‌లు పదహారు బార్‌లకు అటూ ఇటూ ఉంటాయి. బార్ అంటే తాళంలో ఒక ఆవర్తనం లాంటిదనుకోండి. పదహారు బార్‌లను తప్పు పడిన ప్రతిసారీ మొదటి నుంచి వాయించినా ఏదో ఒకనాటికి మొత్తం వచ్చేస్తుంది. అలవాటు ఉన్నా దాని ఖర్చు తెలియలేదు.

ఒక సూచన అప్పుడే దొరికింది, నేను పట్టించుకోలేదు. మరుసటి ఏడాది జి మేజర్ మినుయెట్ అనే చిన్న నాట్య పీస్ నేర్పుతున్నాను. జర్మన్ సంగీతకారుడు బాఖ్ తన భార్య అన్నా మాగ్దలేనా కోసం 1725లో మొదలుపెట్టిన నోటుబుక్కులో ఉంటుంది ఆ పీస్. పుస్తకాలన్నీ అది బాఖ్ రాసిందేనని వేస్తూ వచ్చాయి. అది క్రిస్టియన్ పెట్సోల్డ్ అనే ఆయన రాసిందని 1970లలో తేల్చారు. మా దగ్గరున్న పాత పుస్తకంలో పైన బాఖ్ పేరే ఉంది. మాటల్లో ఇది చెప్పాను. చిన్ని పుస్తకం ముందుకు లాక్కుని ఆ పేరు మీద వేలు పెట్టి, "పుస్తకంల తప్పున్నదా? అయినా ఉంచుకుంటరా?" అంది. పెన్సిల్ ఇస్తే కొట్టేసి పెట్సోల్డ్ అని రాసింది. ఆ పూట పాఠమంతా ఒక్కసారి కూడా మొదటికి వెళ్ళలేదు. అదీ రాసుకున్నాను, "ఇవాళ హుషారుగా ఉంది" అని.

సికింద్రాబాద్ నుంచి తిరిగొచ్చిన బండి

గ్రేడ్ 2 వదిలేసి నేరుగా 3కు తీసుకెళ్ళాను. తొందర నాదే. 131 మార్కుల ఫోటో గోడ మీద ఉంది కదా.

2018 చివర్లో పరీక్ష. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, పొద్దున బండికి నలుగురు పిల్లలతో వెళ్ళాం. చిన్ని నాన్న ఆ రోజు డ్యూటీ లేదని తోడు వచ్చాడు. పరీక్ష గదిలోకి పిల్లలు ఒంటరిగా వెళ్తారు, కానీ తలుపు బయట నిలబడితే అంతా వినిపిస్తుంది. మొదటి పీస్ బాగానే పోయింది. రెండో దానిలో తొమ్మిదో బార్ దగ్గర ఎడమచేయి జారింది. ఆగింది. మొదటి నుంచి. మళ్ళీ తొమ్మిది దగ్గర ఆగింది. మళ్ళీ మొదటి నుంచి. మూడోసారి ఏడో బార్ దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు.

ఆ పీస్‌కు 16 వచ్చాయి. ఒక్కో పీస్‌లో పాస్ గీత 20. మొత్తం 97, మూడు మార్కులు తక్కువ. ఫలితం తర్వాతెప్పుడో వచ్చింది గానీ గది నుంచి బయటికొచ్చిన ముఖం చూసినప్పుడే తెలిసిపోయింది.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని ఒక్క మాటే పదేపదే అంటోంది, "ఇంకొక్కసారి ఫస్ట్ నుంచి వాయించనిస్తే వచ్చేది." నేను ఓదార్పు మాటలేవో అన్నాను. కాజీపేట స్టేషన్ బయట, ఔటర్‌లో, సిగ్నల్ పడక బండి ఆగింది. వాళ్ళ నాన్న బయటికి చూసి, మామూలుగా, ఇంజన్ సంగతి చెప్పినట్టే చెప్పాడు: "బిడ్డా, నేను బల్లార్షా నుంచి బండి తెస్తుంట. గిట్లనే ఔటర్ల ఆగుతది. సిగ్నల్ వడ్డంక ఏం జేస్త? మళ్ళ బల్లార్షా వోయి మొదలువెడ్తనా? ఆగిన కాడికెళ్ళే కదా."

చిన్ని నవ్వలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన చెప్పింది నేను మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నాను, "ఆగకు, ముందుకు పో" అని. చెప్పడం ఒక్కటే చేశాను. ఆగిన చోటి నుంచి ఎలా బయలుదేరాలో ఎన్నడూ నేర్పలేదు.

లెక్కపెట్టడం

2019 జనవరిలో మూడు పనులు చేశాను.

మొదటిది, ఇంట్లో సాధన చేసేటప్పుడు చెప్పాపెట్టకుండా ఫోన్‌లో రికార్డు చేయమని వాళ్ళమ్మను అడిగాను. ముప్ఫై నిమిషాల రికార్డింగు వచ్చింది. కూర్చుని లెక్కపెట్టాను. మొదటి నాలుగు బార్‌లు 31 సార్లు వాయించింది. చివరి ఎనిమిది బార్‌లు రెండే సార్లు. బయటికి రోజూ అరగంట సాధన, లోపల మాత్రం పీస్ తల బలిసిపోయి తోక ఎండిపోతోంది.

ఆ ఫోన్ ఇవ్వడానికి వచ్చినప్పుడే వాళ్ళమ్మ ఇంకోటి చెప్పింది. "మేడం, గీమె బుక్కులు సూడుండ్రి. రెండొందల పేజీల నోటుబుక్కు, దసరాకే సగమైతది. ఒక్క కొట్టివేత వడ్డదంటే పేజీ చింపుడే, మళ్ళ మొత్తం రాసుడే. రాత్రి పదకొండైనా పండది." పియానో దగ్గర చేసేదీ, హోంవర్కు దగ్గర చేసేదీ ఒకటే పని. ఈ సంగతి అడక్కుండా మూడున్నరేళ్ళు ఎలా నేర్పానో నాకే ఆశ్చర్యం.

రెండోది నా మీద నేను పెట్టుకున్న పరీక్ష. ఒక పాఠం మొత్తం రికార్డు చేసి విన్నాను. నలభై ఐదు నిమిషాల్లో నేను చిన్నిని 27 సార్లు ఆపాను. "ఎఫ్ షార్ప్!" "చిటికెన వేలు!" "ఆ, మళ్ళీ." ఆపిన ప్రతిసారీ నా నోటి నుంచి వచ్చిన తర్వాతి మాట దాదాపు ఒకటే, "మళ్ళీ మొదటి నుంచి." ఒకవైపు ఆగొద్దని చెబుతూ, ఇంకోవైపు తప్పు పడగానే ఆగాలని వారానికి రెండుసార్లు నేనే శిక్షణ ఇస్తున్నాను. తప్పు లేకుండా వాయిస్తే స్టిక్కర్ ఇచ్చే పద్ధతి కూడా పెట్టాను అప్పట్లో. ఆ స్టిక్కర్ల షీటు ఇంకా నా దగ్గర ఉంది, ఎవరికీ ఇవ్వను.

మూడోది, అసలు ఆ అలవాటు ఎలా పుడుతుందో కూర్చుని ఆలోచించడం. ఏడో ఎక్కం నేర్చుకుంటున్న పిల్లను ఏడెనిమిదులు ఎంత అని అడగండి. ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి గొణుక్కుంటూ యాభై ఆరు దాకా వస్తుంది. మధ్యలో దిగడానికి దారి లేదు. చిన్ని వేళ్ళూ అంతే. ప్రతి కదలిక తర్వాతి కదలికను గుర్తు చేస్తుంది. ఒక లంకె తెగితే గొలుసులో చేతికి దొరికేది మొదటి కొస ఒక్కటే. అందుకే మొదటికి పోతోంది. మొండితనం కాదు, పిల్లకు ఇంకో తలుపు తెలియదు. దానికి తోడు తప్పంటే భయం ఉండటంతో రెండూ ఒకదాన్నొకటి పెంచుకున్నాయి.

ఇందులో ఏది ఎంత అన్నది ఆ ఏడాది బతుకమ్మ పండుగకు తేలింది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఎంత జనమో వరంగల్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ జనంలో చిన్ని వాళ్ళమ్మతో, నానమ్మతో కలిసి వలయంలో తిరుగుతోంది. నేను దూరం నుంచి చూస్తున్నాను. ఎవరో తగిలి అడుగు తప్పింది, చప్పట్లు రెండు పోయాయి. ఆగలేదు. వలయం కదిలిపోతోంది కదా, మూడో చప్పట్లో కలిసిపోయింది. ముఖంలో కాస్త కూడా టెన్షన్ లేదు. పాట మొదటి నుంచి అందుకోవాలని ఆ పిల్లకు తట్టనే లేదు. అంటే చేతనవుతుంది. పక్కన కదిలిపోయేది ఒకటి ఉంటే చేతనవుతుంది.

స్టీలు గ్లాసు

బతుకమ్మ కంటే ముందే కొన్ని పనులు మొదలయ్యాయి, తర్వాత కొన్ని కలిశాయి. అన్నీ కలిపి చెబుతాను.

మినుయెట్ మొత్తం 32 బార్‌లు. నాలుగేసి బార్‌ల చొప్పున ఎనిమిది ముక్కలు చేసి, ఒకటి నుంచి ఎనిమిది దాకా చీటీలు రాసి ఒక స్టీలు గ్లాసులో వేశాం. చీటీ తీయాలి, ఏ నంబరు వస్తే అక్కడి నుంచి వాయించాలి. బాగా వచ్చిన పీస్‌తోనే మొదలుపెట్టాలని పాతదాన్ని ఎంచాను. మొదటి రోజు అయిదు వచ్చింది. వందల సార్లు వాయించిన పీస్. చేతులు కీస్ మీద పెట్టి అలాగే ఉండిపోయింది. అయిదో ముక్క ఏ నోట్‌తో మొదలవుతుందో తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడ ఆపాను, ఈసారి ఆపడం సరైందే. పుస్తకం చూసి అయిదో ముక్క మొదటి నోట్‌లు రెండు చేతులవీ పైకి చదివించాను. వారం రోజులు అదే పని, వాయించడం కూడా తక్కువే. మూడు వారాలకు ఎనిమిది తలుపులూ తెరుచుకున్నాయి. ఆ తర్వాత తప్పు పడితే మొదటికి పోవడం పూర్తిగా మానలేదు గానీ, దగ్గరలో ఉన్న తలుపుకు పోవడం మొదలైంది. ముప్ఫై రెండు బార్‌లు వెనక్కి పోయే పిల్ల నాలుగు బార్‌లే పోతోంది. నాకది పెద్ద విజయం.

కొత్త పీస్‌లు చివరి నుంచి నేర్పాను. చివరి నాలుగు బార్‌లు ముందు, వాటికి ముందువి తర్వాత. ఇలా చేస్తే వాయించే కొద్దీ తెలిసిన చోటికి చేరుకుంటారు, తెలియని చోటికి కాదు. ఇది పాత పద్ధతే, నేను కనిపెట్టింది కాదు. పరీక్షల హడావుడిలో మానేశానంతే.

బతుకమ్మ వలయాన్ని పియానో దగ్గరికి తేవడానికి డ్యూయెట్లు పనికొచ్చాయి. డయబెల్లి అనే ఆయన రాసిన ఓపస్ 149లో (ఓపస్ అంటే రచన సంఖ్య) టీచరూ విద్యార్థీ ఒకే పియానో దగ్గర కూర్చుని వాయించే చిన్న పీస్‌లు 28 ఉన్నాయి. విద్యార్థి భాగం ఐదు వేళ్ళ కిందే ఉంటుంది, కష్టం లేదు. ఒకటే షరతు పెట్టాను: నేను ఆగను. నువ్వు జారితే మళ్ళీ ఎక్కడ అందుకుంటావో నీ ఇష్టం. మొదట్లో పది బార్‌ల దాకా వదిలేసేది. డిసెంబరుకల్లా ఒకటి రెండు బీట్‌లలో ఎక్కేస్తోంది. ఒకసారి నేనే జారాను. చిన్ని ఆగలేదు, నా వైపు చూడనుకూడా లేదు. ఇద్దరం చివరిదాకా వచ్చాక మాత్రం, "మేడం, మీరు వోయిండ్రు" అని గట్టిగా నవ్వింది.

అన్నిటికంటే కష్టమైంది నేను నోరు మూసుకోవడం. పీస్ అయ్యేదాకా మాట్లాడకూడదని పెట్టుకున్నాను. పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని, అయిపోయాక ఒక్క ప్రశ్నే: ఎక్కడ జారింది? మొదట్లో జవాబు, "అంతా ఖరాబే మేడం." ఏది అడిగినా అంతా ఖరాబే. సరే అని వదలకుండా, మొదటి నోట్ ఖరాబా? రెండో బార్ ఖరాబా? అని అడుగుతూ పోయేదాన్ని. రెండు మూడు నెలలకు జవాబు మారింది: "తొమ్మిదో బార్ల ఎడమ చిటికెన వేలు ఆలస్యమైంది." ఈ పదేళ్ళలో చిన్ని ఎదుగుదల ఎక్కడ కనబడిందంటే నేను ఈ రెండు జవాబుల మధ్యే చూపిస్తాను. గ్రేడ్ సర్టిఫికెట్లు చూపించను.

పనికిరానివి కూడా చెప్పాలి. తాళం కొట్టే మెట్రోనోమ్ పెడితే ఆగకుండా పోతుందనుకున్నాను, చప్పుడు ఆగేదాకా ఊపిరి బిగబట్టి వాయించేది. ఇంకో అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి వినమన్నాను, వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

అదే గ్రేడ్ 3 ఆ ఏడాది చివర మళ్ళీ రాసింది. తలుపు బయట మళ్ళీ నిలబడ్డాను. రెండో పీస్‌లో రెండు చోట్ల జారింది, రెండు చోట్లా సాగిపోయింది. దానికి 24, మొత్తం 119. ఈసారి గోడకు ఫోటో పెట్టలేదు, చీటీల గ్లాసు మాత్రం పియానో మీదే ఉంచాను.

తిరగబెట్టడం

2020 మార్చి నుంచి పాఠాలు వాట్సాప్ వీడియోలోకి వెళ్ళాయి. అప్పటికి ఇంట్లో 88 కీస్ డిజిటల్ పియానో కొన్నారు, బరువు కీస్ ఉన్నదే. ఫోన్‌లో ధ్వని నలిగిపోయి వచ్చేది, కాలితో నొక్కే పెడల్ సంగతి అసలు తెలిసేది కాదు. చిన్ని పెడలింగు ఇప్పటికీ మసకగా ఉండటానికి కారణం ఆ ఏడాదిన్నరే అని నా అనుమానం.

ఆ ఏడాదే బోర్డు పెర్ఫార్మెన్స్ గ్రేడ్స్ తెచ్చింది. నాలుగు పీస్‌లు మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా తీసి పంపాలి. ఒక్కో దానికి 30, మొత్తం ప్రదర్శనకు ఇంకో 30. ఇంటి నుంచే ఇవ్వొచ్చు, ప్రయాణం లేదు, తలుపు లేదు. నాకు బాగా నచ్చింది. 2021లో గ్రేడ్ 5 ఇలా ఇద్దామని నేనే అన్నాను. నేను చూసుకోని విషయం ఒకటే: పంపేముందు ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు.

రెండో వారంలో వాళ్ళమ్మ ఫోన్ చేసింది, "మేడం, నా ఫోన్ల జాగ లేదంటున్నది." 47 వీడియోలు. నాలుగో పీస్ చివరి బార్‌లో చిన్నది ఒకటి జారినా మొత్తం పన్నెండు నిమిషాలూ పక్కన పెట్టేసి మళ్ళీ మొదటి నుంచి. రెండేళ్ళ పని వారంలో పోయిందనిపించింది. మొదటి నుంచి మొదలుపెట్టే జబ్బున్న పిల్ల చేతికి రికార్డు బటన్ ఇచ్చింది నేనే.

వారం రోజులు రికార్డింగే వద్దన్నాను. తర్వాత ఒక ఆదివారం మూడే మూడు టేకులు. మధ్యలో వినకూడదు, సాయంత్రం వాళ్ళ నానమ్మతో కలిసి మూడూ విని ఒకటి ఎంచాలి. నానమ్మకు పియానో తెలియదు, అందుకే ఆమెను పెట్టాను. రెండోది ఎంచుకున్నారు, అందులో రెండు తప్పులున్నాయి. పంపేశారు. 122 వచ్చాయి. చిన్నికి నచ్చలేదు, 47లో ఇంకా మంచిది ఉండేదని ఇప్పటికీ అంటుంది. ఉండేదేమో.

పదో తరగతి, ఇంటర్

ఇక్కడ త్వరగా చెబుతాను, అందరి ఇళ్ళలో జరిగేదే. 2022లో థియరీ గ్రేడ్ 5 పాసైంది. అదో, దానికి సమానమైన ఇంకో పరీక్షో లేకుండా 6 నుంచి పైకి ఇవ్వనివ్వరు. అంతలో పదో తరగతి వచ్చింది, తర్వాత ఎంపీసీ. పొద్దున ఎనిమిదికి పోతే చీకటి పడ్డాక ఇంటికి. పియానో మాన్పిస్తామన్నారు. వాళ్ళను తప్పు పట్టను. నాకు గ్రేడ్ 6 ఇప్పించాలని బాగా ఉండేది, అది ఎవరి కోసమని అడిగితే జవాబు చెప్పడం కష్టం. చివరికి ఒప్పందం ఇది: పరీక్షలు లేవు, రోజూ ఇరవై నిమిషాలు, ఒక్కటే పీస్.

బాఖ్ రాసిన ఇన్వెన్షన్లు అనే చిన్న పీస్‌లలో మొదటిది తీసుకున్నాం. 22 బార్‌లే. రెండు చేతులూ సమానం, ఒకటి పాడితే ఇంకోటి బదులిస్తుంది, దాక్కోవడానికి తోడు స్వరాలు ఉండవు. రెండు గొంతులు స్పష్టంగా వాయించడం నేర్చుకోవడానికి రాశానని 1723లో ఆయనే ముందుమాటలో చెప్పుకున్నాడు. వారానికి రెండు బార్‌ల చొప్పున పదకొండు వారాలు అనుకున్నాం, ఆరు నెలలు పట్టింది.

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఒకరోజు వచ్చి, "ఫిజిక్స్ పేపర్ల మూడో ప్రశ్న మధ్యల జారింది మేడం. గీత గొట్టి నాలుగుకు వోయిన" అంది. ఇద్దరికీ అర్థమైంది, ఎక్కువ మాట్లాడలేదు. పియానో నేర్చుకుంటే లెక్కలు వస్తాయి, ర్యాంకులు వస్తాయి అని తల్లిదండ్రులకు చెప్పే టీచర్లున్నారు. నేను చెప్పను. పదహారేళ్ళు వచ్చేసరికి పిల్లలకు కాస్త నిబ్బరం దానంతట అదే వస్తుంది. చిన్నికి వచ్చిందాంట్లో పియానో వాటా ఎంతో తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు. పేజీలు చింపడం ఎప్పుడు ఆగిందని వాళ్ళమ్మను అడిగితే ఆమెకే గుర్తులేదు.

2024 మేలో వాళ్ళ నానమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకు కాజీపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. చుట్టాలు పదిహేను మంది. చిన్ని షోపాన్ అనే సంగీతకారుడు రాసిన 'ఈ-మైనర్' ప్రెల్యూడ్ అనే చిన్న పీస్ వాయించింది, ఓపస్ 28లో నాలుగోది. ఇది తనే ఎంచుకుంది. కుడిచేతికి పనే తక్కువ, ఒక స్వరం పట్టుకుని పక్క స్వరానికి ఒరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఎడమచేతిలో కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఒక్కో వేలు ఒక్కో వేలు దిగుతూ రంగు మారుతుంటాయి. బయట ఈదురుగాలి. సగంలో కరెంటు పోయింది, డిజిటల్ పియానో మూగబోయింది. కీస్ తడుతున్న టకటక శబ్దం మాత్రం చీకట్లో ఆగలేదు. పది సెకన్లకు కరెంటు వచ్చింది. ఎడమచేయి కార్డ్‌లు వాయిస్తూనే ఉంది, కుడిచేతిని తీసి స్విచ్ నొక్కి, ధ్వని రాగానే ఎక్కడుండాలో అక్కడ స్వరం మీద పెట్టింది. ఆ పీస్ చివర ఒక నిశ్శబ్దం ఉంటుంది, దాని తర్వాత మూడు మెత్తని కార్డ్‌లు. ఆ నిశ్శబ్దంలో చిన్ని తొందరపడలేదు. వాళ్ళ నాన్న గుమ్మం దగ్గర యూనిఫాంలో నిలబడి ఉన్నాడు, డ్యూటీకి పోవాలి.

నానమ్మ చప్పట్లు కొట్టి, "మంచిగనే ఉన్నది గానీ, పుట్టినరోజు నాడు గింత ఏడుపు పాటనా బిడ్డా?" అంది.

ఇప్పుడు

2025లో చిన్ని డిగ్రీకి హైదరాబాద్ వెళ్ళింది. హాస్టల్లో పియానో లేదు. సెలవులకు వస్తే ఒకటి రెండు పూటలు మా ఇంటికి వస్తుంది. వేళ్ళు బిగుసుకున్నాయని గొణుగుతుంది. పెడల్ ఇంకా మసకే. గ్రేడ్ 6 ఇవ్వలేదు, ఇస్తుందని కూడా అనుకోను. మొన్న దసరాకు వచ్చి మినుయెట్ పాత పుస్తకం అడిగి తీసుకుపోయింది, పెట్సోల్డ్ అని తను రాసిన పేజీ ఉన్నదే.

చీటీల గ్లాసు ఇప్పుడు అందరు పిల్లలకూ మొదటి నెల నుంచే. స్టిక్కర్లు లేవు. పోయిన వారం ఏడేళ్ళ కొత్త బాబు పాఠం రికార్డు చేసుకుని విన్నాను. నలభై ఐదు నిమిషాల్లో 14 సార్లు ఆపాను.